జర్మన్ థ్రాష్ మొదటిసారి వింటున్నారా? 'ఏజెంట్ ఆరెంజ్' ముందా, 'ప్లెజర్ టు కిల్' ముందా

థ్రాష్ అంటే వేగంగా, మోటుగా వాయించే మెటల్ సంగీతం. అమెరికా బ్యాండ్లు మెటాలికా, స్లేయర్ వినేసి ఇక జర్మనీ వైపు వెళ్దాం అనుకునేవాళ్లకి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. ఎవరిని అడిగినా నాలుగు బ్యాండ్ల పేర్లు చెబుతారు: క్రియేటర్, సోడమ్, డిస్ట్రక్షన్, ట్యాంకర్డ్. నలుగురూ నలభై ఏళ్ల నుంచి వాయిస్తూనే ఉన్నారు, ఒక్కొక్కరివీ డజనుకు పైగా ఆల్బమ్‌లు. వీటిలో ముందు ఏది వినాలి అంటే ఎక్కువమంది చెప్పే జవాబు 'ప్లెజర్ టు కిల్'. 1986లో వచ్చిన క్రియేటర్ రెండో ఆల్బమ్ అది. గొప్ప ఆల్బమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కొత్తగా వినేవాళ్ల చేతిలో ముందుగా పెట్టాల్సింది అది కాదు. 1989లో వచ్చిన సోడమ్ వాళ్ల 'ఏజెంట్ ఆరెంజ్'తో మొదలుపెట్టండి. ఏది గొప్పది అన్న ప్రశ్న వేరు, ఏది ముందు అన్న ప్రశ్న వేరు. ఈ రెండూ కలిపేయడం వల్లే చాలామంది ఈ సంగీతాన్ని ఒక్కసారి విని వదిలేస్తున్నారు.

నేనూ అలాగే వదిలేశాను. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. సైజు తగ్గాలని నొక్కి నొక్కి తయారుచేసిన ఎంపీత్రీ ఫైళ్లు, నా దగ్గరున్నది నూటయాభై రూపాయల ఇయర్‌ఫోన్స్. 'ప్లెజర్ టు కిల్' పెట్టాను. మొదట్లో ఒక చిన్న దిగులు రాగం వచ్చింది, బాగానే ఉంది అనుకునేలోపు రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టు మొదలైంది. గిటార్ ఎక్కడుందో, డ్రమ్స్ ఎక్కడున్నాయో, ఆ అరిచేది ఏ భాషలోనో ఏమీ తెలియలేదు. మూడో పాటకి ఆపేశాను. తర్వాత రెండేళ్లు జర్మన్ థ్రాష్ అంటే 'అదంతా గోల' అని నేనే పదిమందికి చెప్పాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మళ్లీ దారిలో పెట్టింది 'ఏజెంట్ ఆరెంజ్'. అది విన్న నెల రోజుల తర్వాత వెనక్కి వెళ్లి 'ప్లెజర్ టు కిల్' పెడితే అదే గోలలో పాటలు వినిపించాయి. ఆల్బమ్ మారలేదు, నా చెవి మారింది. కాబట్టి కింద నేను చెప్పేదంతా వరస గురించి. మీ చెవి ఇప్పుడు ఎక్కడుందో చూసుకుని ఎంచుకోండి.

ముందు ఊరి సంగతి

నాలుగు బ్యాండ్లనీ 'జర్మన్' అని ఒకే గాటన కట్టేస్తారు గానీ, ఊళ్లు వేరు. క్రియేటర్‌ది ఎస్సెన్ నగరం, అందులో ఆల్టెనెస్సెన్ అనే పేట. సోడమ్‌ది పక్కనే ఉన్న గెల్జెన్‌కిర్షెన్. రెండూ రూర్ ప్రాంతం, అంటే బొగ్గు, ఉక్కు. డిస్ట్రక్షన్ వాళ్లు దేశానికి ఆ చివర, స్విట్జర్లాండ్ సరిహద్దుని ఆనుకుని ఉన్న వైల్ యామ్ రైన్ నుంచి వచ్చారు. ట్యాంకర్డ్‌ది ఫ్రాంక్‌ఫర్ట్.

నాది గోదావరిఖని. నాన్న సింగరేణిలో ముప్పై ఏళ్లు బాయి దిగాడు. అందుకే రూర్ అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగుతాను. సోడమ్ గాయకుడు టామ్ ఏంజెల్‌రిప్పర్, అసలు పేరు థామస్ జూఖ్, పూర్తిగా సంగీతంలోకి రాకముందు బొగ్గు గనిలో పనిచేశాడు. షిఫ్ట్ దిగి పైకొచ్చి బాస్ గిటార్ పట్టుకున్న మనిషి అతను. ఈ సంగతి తెలిశాక అతని గొంతు నాకు వేరేగా వినపడింది. డ్యూటీ దిగి వచ్చిన మనిషి గొంతులో ఉండే ఆ గరగర నేను చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నదే.

ఆల్టెనెస్సెన్‌లో జెఖె కార్ల్ అని మూతపడ్డ బొగ్గు గని ఒకటుంది. దాని భవనాలని కూల్చకుండా సాంస్కృతిక కేంద్రంగా మార్చారు. క్రియేటర్ కుర్రాళ్లు ఎదిగింది ఆ చుట్టుపక్కలే. ఎస్సెన్‌లో చివరి గని జొల్‌ఫెరైన్ 1986 డిసెంబర్‌లో మూతపడింది. 'ప్లెజర్ టు కిల్' వచ్చిన ఏడాదే. ఆ కుర్రాళ్ల తండ్రుల తరం పని పోగొట్టుకుంటున్న కాలం అది. గాయకుడు మిల్లె పెట్రోజ్జాకి అప్పటికి 18 ఏళ్లు, ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం. ఈ పాటల్లో గనుల గురించి ఒక్క మాట ఉండదు. కానీ ఆ తొందర, ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కావడానికి మూతపడుతున్న ఊరిని ఒకసారి ఊహించుకుంటే చాలు. మా వైపు బాయిలు మూతపడిన కాలనీలు చూసినవాళ్లకి ఊహ కూడా అక్కర్లేదు.

రెండు ఆల్బమ్‌లు, ఒకే నిర్మాత

పోల్చడానికి ఈ రెండిటికన్నా మంచి జత దొరకదు. ఎందుకంటే 'ప్లెజర్ టు కిల్', 'ఏజెంట్ ఆరెంజ్' రెండిటినీ రికార్డ్ చేసింది ఒకే మనిషి, హారిస్ జాన్స్. పశ్చిమ బెర్లిన్‌లోని ఆయన మ్యూజిక్‌ల్యాబ్ స్టూడియోలోనే రెండూ తయారయ్యాయి. మధ్యలో గడిచింది మూడేళ్లు. నిర్మాత ఒకడే కాబట్టి, తేడా అంతా వాయించినవాళ్లలో ఉంది.

'ప్లెజర్ టు కిల్'లో వాయించింది ముగ్గురు: మిల్లె గిటార్, రాబ్ ఫియోరెట్టి బాస్, వెంటర్ డ్రమ్స్. పాడటం మాత్రం మిల్లె, వెంటర్ పంచుకున్నారు. మిల్లెది గోరుతో గీరినట్టుండే పదునైన గొంతు. వెంటర్‌ది మొద్దు గొంతు, కింది నుంచి వస్తుంది. 'రయట్ ఆఫ్ వయొలెన్స్' పాడింది వెంటరే, కొత్తవాళ్లకి ఆ ఆల్బమ్‌లో ముందుగా పట్టుబడేది కూడా అదే, ఎందుకంటే దానిలో వేగం తగ్గి రిఫ్ (గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరస) స్పష్టంగా నిలబడుతుంది. మిగతా చోట్ల డ్రమ్స్ గిటార్ కంటే ముందు పరుగెత్తుతుంటాయి, గిటార్ వాటిని అందుకోవడానికి ఉరుకుతుంటుంది. పాట ఏ క్షణాన విడిపోతుందో అన్న టెన్షన్ మొదటి నుంచి చివరి దాకా ఉంటుంది. విడిపోదు. ఆ ఆల్బమ్ ఆకర్షణ అంతా ఆ టెన్షన్‌లోనే ఉంది. తర్వాత వచ్చిన డెత్ మెటల్ (థ్రాష్ కంటే ఇంకా మోటైన మెటల్) బ్యాండ్లు దీన్ని పాఠ్యపుస్తకంలా విన్నాయి.

అదే ఏడాది అమెరికాలో 'మాస్టర్ ఆఫ్ పపెట్స్', 'రెయిన్ ఇన్ బ్లడ్' వచ్చాయి. మెటాలికాది కొలిచి కట్టిన మేడ. స్లేయర్‌ది 29 నిమిషాలు కూడా లేని ఆల్బమ్, కత్తితో కోసినంత శుభ్రంగా ఉంటుంది. వాటి పక్కన 'ప్లెజర్ టు కిల్' పెడితే దాని అంచులు గరుకుగా కనిపిస్తాయి. ఆ గరుకుని లోపం అనుకునేవాళ్లకి ఈ ఆల్బమ్ ఎప్పటికీ నచ్చదు. నాకు మాత్రం అది చెక్కని బండ అందం.

ఇప్పుడు 'ఏజెంట్ ఆరెంజ్' దగ్గరికి రండి. ఇక్కడా ముగ్గురే: టామ్ బాస్, గొంతు, ఫ్రాంక్ బ్లాక్‌ఫైర్ గిటార్, క్రిస్ విచ్‌హంటర్ డ్రమ్స్. సోడమ్ మొదటి రోజుల్లో వాయించింది చాలా మోటుగా ఉండేది, ఆ మోటుదనమే తర్వాత నార్వే బ్లాక్ మెటల్ కుర్రాళ్లకి నచ్చింది. 1987లో బ్లాక్‌ఫైర్ వచ్చాక బ్యాండ్ రూపమే మారింది. అతనికి రిఫ్‌ని కట్టడం తెలుసు, కట్టిన తర్వాత దానికి ఊపిరి పీల్చుకునే చోటు వదలడం కూడా తెలుసు. చేతి అంచుతో తీగని అదిమిపెట్టి వాయిస్తుంటే ఒక్కో దెబ్బా విడివిడిగా గుండె మీద పడుతుంది. కింద టామ్ బాస్ ట్రాక్టర్ ఇంజన్‌లా గుర్రుమంటుంది. వేగం ఉంది, కానీ ఆ వేగానికి బరువు కూడా ఉంది.

కొత్తవాళ్లకి ఈ ఆల్బమ్ ఎందుకు ముందు అంటే, ఇందులో పాటలు దేనికదే విడిగా గుర్తుపట్టేలా ఉంటాయి. 'రిమెంబర్ ద ఫాలెన్' నెమ్మదిగా, బరువుగా నడుస్తుంది. యుద్ధంలో పోయినవాళ్లని తలుచుకునే పాట కాబట్టి ఆ నడక దానికి సరిపోయింది. 'మ్యాజిక్ డ్రాగన్' వియత్నాంలో అమెరికా వాడిన ఏసీ-47 యుద్ధ విమానం గురించి. 'ఆస్‌గెబోంబ్ట్' మూడు నిమిషాల పంక్ పాట లాంటిది, ఒక్కసారి వింటే ఆ పదం నోట్లో ఉండిపోతుంది. బాంబులు పడి ఇల్లు వాకిలి పోగొట్టుకున్నవాళ్లని జర్మన్‌లో ఆ మాటతో పిలుస్తారు. దీన్ని జర్మన్ మాటలతోనూ విడిగా విడుదల చేశారు, దొరికితే అదీ వినండి. ఇంగ్లీషులో కంటే జర్మన్‌లో ఆ హల్లులు డ్రమ్స్‌తో ఇంకా గట్టిగా కలుస్తాయి. చాలా ప్రతుల్లో చివర వచ్చే 'డోంట్ వాక్ అవే' వాళ్లది కాదు, ఇంగ్లండ్ బ్యాండ్ ట్యాంక్‌ది. దాన్ని వదిలేసినా నష్టం లేదు.

ఒక్క పాటని మాత్రం దగ్గరగా చూపించాలి. రెండోది, 'టైర్డ్ అండ్ రెడ్'. మొదలవడం మామూలు థ్రాష్ పాటలాగే మొదలవుతుంది, పరుగు. సగానికి వచ్చాక ఒక్కసారిగా అంతా ఆగిపోతుంది. డిస్టార్షన్ (కరెంట్ గిటార్‌కి తెచ్చిపెట్టే గరగర) లేని శుభ్రమైన గిటార్ ఒక్కటే మిగులుతుంది, నెమ్మదిగా, ఒక్కో తీగని మీటుతూ. వాన వెలిశాక చూరు నుంచి చుక్కలు పడుతున్నట్టుంటుంది. మీరు ఆ చుక్కలకి అలవాటు పడేలోపు బ్యాండ్ మొత్తం తిరిగొచ్చి మీద పడుతుంది. ఇంత మొరటు బ్యాండ్‌లో ఇంత నిదానం ఎక్కడ దాక్కుందా అని నేను మొదటిసారి విన్నప్పుడు పాటని వెనక్కి జరిపి అక్కడే నాలుగుసార్లు విన్నాను. థ్రాష్ వినని నా చెల్లెలు కూడా ఆ చోట మాత్రం తలెత్తి చూసింది, "ఇదేదో బాగుందిరా అన్నా" అంది.

మాటలూ ఒక కారణమే

'ప్లెజర్ టు కిల్' పాటల పేర్లు చూస్తేనే తెలిసిపోతుంది: శవాలు, తెగుళ్లు, గిలటిన్. 18 ఏళ్ల కుర్రాళ్లు హారర్ సినిమాలు చూసిన ఊపులో రాసిన మాటలు అవి. వాటిని లోతుగా తీసుకోవాల్సిన పని లేదు. కానీ ఇంట్లో పిల్లలో, అమ్మానాన్నలో ఉండగా ఫోన్ తెర మీద ఆ పేరు, ఆ అట్ట బొమ్మ కనిపిస్తే ఒక వివరణ సిద్ధంగా ఉంచుకోవాలి. ఆ మాటలు మీకు అడ్డం అనిపిస్తే ఈ ఆల్బమ్‌ని ఇంకా వెనక్కి జరపండి. 'ఏజెంట్ ఆరెంజ్'లోనూ ఒకటి రెండు పాటల మాటలు ఇబ్బందిగానే ఉంటాయి. అయినా ఆల్బమ్ మొత్తం నిలబడింది మాత్రం ఒక గట్టి విషయం మీద.

ఏజెంట్ ఆరెంజ్ అంటే వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం అడవుల మీద, పొలాల మీద చల్లిన కలుపు మందు. డ్రమ్ముల మీద నారింజ రంగు పట్టీ ఉండేది కాబట్టి ఆ పేరు. 1962 నుంచి 1971 దాకా ఇదీ, ఇలాంటివే మరికొన్నీ కలిపి 7 కోట్ల లీటర్లకు పైగా విమానాల నుంచి చల్లారు. ఆకులు రాలిపోతే గెరిల్లాలు దాక్కునే చోటు ఉండదని ఆలోచన. అందులో ఉన్న డయాక్సిన్ విషం మాత్రం ఆకులతో ఆగలేదు, మట్టిలోకి, నీళ్లలోకి, మనుషుల ఒంట్లోకి దిగింది. చల్లిన సైనికులూ రోగాల పాలయ్యారు. సోడమ్ ఈ ఆల్బమ్‌ని యుద్ధాల్లో చనిపోయిన సైనికులకీ, మామూలు జనానికీ కలిపి అంకితం ఇచ్చింది. పురుగుమందు డబ్బా వాసన తెలిసిన పల్లె మనిషికి ఈ పాట దేని గురించో చెప్పడానికి నిఘంటువు అక్కర్లేదు.

జర్మనీలో జనం కూడా దీన్ని బాగానే ఆదరించారు. ఆల్బమ్ అక్కడి చార్టుల్లో 36వ స్థానం దాకా వెళ్లింది. అప్పట్లో థ్రాష్ ఆల్బమ్‌కి, అదీ ఇంత మోటు గొంతు ఉన్నదానికి, అది మామూలు విషయం కాదు.

గిటార్ నేర్చుకుంటున్నవాళ్లకి మూడో దారి

మీరు గిటార్ వాయిస్తారనుకోండి, లేదా పాట వినేటప్పుడు మీ దృష్టి గొంతు మీద కంటే రిఫ్ మీదే ఉంటుందనుకోండి. అప్పుడు నా వరస మారుతుంది. మీరు డిస్ట్రక్షన్ వాళ్ల 'ఎటర్నల్ డివాస్టేషన్'తో మొదలుపెట్టండి. ఇదీ 1986దే. ఏడే పాటలు, దాదాపు 35 నిమిషాలు.

ఇందులో ఒకే గిటారిస్ట్, మైక్ జిఫ్రింగర్. ఒక్కడి దగ్గర నుంచి అన్ని రిఫ్‌లు ఎలా వచ్చాయన్నది ఇప్పటికీ ఆశ్చర్యమే. అతని రిఫ్‌లు మెలికలు తిరుగుతాయి. క్రియేటర్ తిన్నగా కొడుతుంది, సోడమ్ బరువుతో అదుముతుంది, డిస్ట్రక్షన్ మాత్రం పాములా పక్కకి జారి ఎక్కడో తేలుతుంది. 'కర్స్ ద గాడ్స్' వినండి, ఒక పాటలో ఎన్ని మలుపులు ఉన్నాయో లెక్కపెట్టండి. 'అప్‌కమింగ్ డివాస్టేషన్'లో అసలు పాడటమే లేదు, వాయిద్యమే, కాబట్టి నేర్చుకునేవాళ్లకి అది తెరిచిన పుస్తకం.

దీనికి అడ్డం ఒకటే: గాయకుడు ష్మియర్ గొంతు. మాట మధ్యలో హఠాత్తుగా పైకి లేచి కీచుమంటుంది. కొందరికి అదే ప్రాణం, కొందరు దాని వల్లే ఆపేస్తారు. మొదటి రెండు నిమిషాల్లో మీకే తెలిసిపోతుంది. నచ్చకపోతే బలవంతం చేసుకోవద్దు, మళ్లీ ఆరు నెలల తర్వాత పెట్టండి.

శుభ్రమైన సౌండ్ కావాలంటే

'నాకు మెటాలికా లాంటి స్పష్టమైన రికార్డింగ్ అలవాటు, గరుకు నా వల్ల కాదు' అనేవాళ్లూ ఉంటారు. వాళ్లని తప్పుపట్టను. వాళ్లకి క్రియేటర్ వాళ్లదే 'ఎక్స్‌ట్రీమ్ అగ్రెషన్' ఉంది. ఇదీ 1989 జూన్‌లోనే వచ్చింది, కానీ రికార్డ్ చేసింది లాస్ ఏంజెలెస్‌లో, నిర్మాత ర్యాండీ బర్న్స్. ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తుంది. 'బిట్రేయర్' పాట వీడియో ఏథెన్స్‌లో తీశారు, ఎంటీవీలో చూసి ప్రపంచంలో చాలామంది క్రియేటర్ పేరు తెలుసుకున్నది దాంతోనే.

దాని తర్వాతి ఏడాది 'కోమా ఆఫ్ సోల్స్' వచ్చింది. ఇక్కడే నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. 'ఏజెంట్ ఆరెంజ్'లో గిటార్ వాయించిన ఫ్రాంక్ బ్లాక్‌ఫైర్, ఆ తర్వాత సోడమ్ వదిలి క్రియేటర్‌లోకి వెళ్లాడు. కాబట్టి 'ఏజెంట్ ఆరెంజ్' నచ్చినవాళ్లు నేరుగా 'కోమా ఆఫ్ సోల్స్'కి వెళితే అదే చెయ్యి వేరే ఇంట్లో ఏం చేసిందో వినొచ్చు. ఇందులో 'పీపుల్ ఆఫ్ ద లై' అనే పాట నాజీ భావాలని మళ్లీ తెస్తున్నవాళ్ల మీద. 1990, రెండు జర్మనీలు కలుస్తున్న ఏడాది అది. ఆ మార్చిలోనే క్రియేటర్, ట్యాంకర్డ్ తూర్పు బెర్లిన్‌కి వెళ్లి వాయించారు. బెర్లిన్ గోడ పడి నాలుగు నెలలు. అన్నేళ్లు ఆ సంగీతాన్ని దొంగచాటుగా క్యాసెట్లలో విన్న జనం ముందు వాయించడం ఎలా ఉండి ఉంటుందో! ఆ కచేరీ రికార్డింగ్ దొరుకుతుంది, చూడండి.

ఇంకా ఈ కాలం సౌండ్ కావాలంటే 2001లో వచ్చిన 'వయొలెంట్ రెవల్యూషన్'. రాగం ఎక్కువ, రికార్డింగ్ గట్టిగా, నిండుగా ఉంటుంది. కానీ దీనితో మొదలుపెట్టి 1986కి వెనక్కి వెళ్లడం కష్టం. చల్లటి ఏసీ గదిలో నుంచి ఒక్కసారిగా మే నెల ఎండలోకి వచ్చినట్టుంటుంది. అందుకే నేను దీన్ని మొదటి ఆల్బమ్‌గా సిఫార్సు చేయను. నా ఉద్దేశంలో 'ఎక్స్‌ట్రీమ్ అగ్రెషన్' కూడా రెండో మజిలీగానే బాగుంటుంది.

ట్యాంకర్డ్ గురించి కొద్దిగా. వీళ్ల లోకం బీరు. 1987 నాటి 'కెమికల్ ఇన్వేజన్' పేరు వింటే యుద్ధం అనుకుంటారు, అసలు కోపం బీరులో రసాయనాలు కలుపుతారని! 1516 నాటి నుంచి వస్తున్న బీరు శుద్ధి నియమం జర్మన్లకి ఎంత పట్టింపో తెలిస్తే ఆ పాట అర్థమవుతుంది. సరదాగా, పంక్ ఊపుతో ఉంటుంది, గాయకుడు గెర్రె గొంతులో ఒక స్నేహం ఉంటుంది. నలుగురు దోస్తులు కూర్చున్నప్పుడు పెట్టుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. ఒంటరిగా హెడ్‌ఫోన్స్‌లో జర్మన్ థ్రాష్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి మాత్రం పైవాటి తర్వాతే.

ఎవరికి ఏది

నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది మెటాలికా నుంచి వచ్చేవాళ్లే. వాళ్లందరికీ నా జవాబు 'ఏజెంట్ ఆరెంజ్'. స్లేయర్ ఇప్పటికే బాగా వంటబట్టి, 'రెయిన్ ఇన్ బ్లడ్' నిద్రలో లేపి పెట్టినా చెప్పగలిగేవాళ్లయితే నేరుగా 'ప్లెజర్ టు కిల్'కి వెళ్లొచ్చు, వాళ్ల చెవి సిద్ధంగానే ఉంది. డెత్ మెటల్ వినేవాళ్లకీ అంతే. పంక్ వైపు నుంచి వచ్చేవాళ్లు 'ఆస్‌గెబోంబ్ట్'తోనో, ట్యాంకర్డ్‌తోనో మొదలుపెడితే ఇంటి గుమ్మంలో అడుగుపెట్టినట్టే ఉంటుంది.

అసలు మెటలే విననివాళ్ల సంగతి? మా కజిన్ ఒకడు పెళ్లి బరాత్‌లో తీన్‌మార్ దరువు మొదలైతే చాలు ఆగలేడు, మెటల్ అంటే మాత్రం మొహం చిట్లిస్తాడు. వాడికి 'రిమెంబర్ ద ఫాలెన్' పెట్టాను. గొంతు గురించి పట్టించుకోకు, డ్రమ్స్ ఒక్కటే విను అన్నాను. రెండో నిమిషానికి కాలు కదిలింది. దరువు మీద ప్రాణం పెట్టే మనిషికి థ్రాష్ దూరం కాదు. తలుపు ఎక్కడుందో చూపించాలి, అంతే.

వినే పద్ధతి గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. ఫోన్ స్పీకర్‌లో ఈ ఆల్బమ్‌లు వినకండి. బాస్ మొత్తం పోతుంది, మిగిలేది గీరుడే. ఖరీదైనవి అక్కర్లేదు, చెవిని కాస్త మూసే మామూలు హెడ్‌ఫోన్స్ చాలు. స్ట్రీమింగ్ యాప్ సెట్టింగుల్లో క్వాలిటీ 'ఆటో'లో ఉంటే దాన్ని 'హై'కి మార్చండి. సిగ్నల్ తక్కువున్న చోట ఆటోలో పెట్టి వింటే నా పెన్‌డ్రైవ్ కథే మళ్లీ జరుగుతుంది. ఈక్వలైజర్‌లో బాస్ బూస్ట్ తీసేయండి. మరీ పెద్ద సౌండ్ కూడా వద్దు, చెవులు అలిసిపోతే నాలుగో పాట నుంచి అంతా ఒకేలా వినిపిస్తుంది.

ఇంకోటి, ఈ ఆల్బమ్‌లు షఫుల్‌లో వినేవి కావు. చాలావరకు నలభై నిమిషాలకి అటూ ఇటూగా ఉంటాయి, మొదటి నుంచి చివరి దాకా వినండి. 'ప్లెజర్ టు కిల్' ఇప్పుడు దొరికే ప్రతుల్లో చివర 'ఫ్లాగ్ ఆఫ్ హేట్' ఈపీ (కొన్ని పాటల చిన్న రికార్డు) పాటలు కూడా కలిపి ఉంటాయి. మంచి పాటలే, కానీ మొదటిసారి 'అండర్ ద గిలటిన్' దగ్గర ఆపేయండి. ఆల్బమ్ అక్కడే ముగుస్తుంది.

'ఏజెంట్ ఆరెంజ్' ఒక వారం పాటు రోజుకోసారి వినండి. నాలుగో రోజుకి 'టైర్డ్ అండ్ రెడ్'లో ఆ ఆగిపోయే చోటు రాబోతోందని మీకు ముందే తెలుస్తుంటుంది, చెయ్యి దానంతటదే వాల్యూమ్ మీదకి వెళుతుంది. అక్కడికి వచ్చారంటే ఇక రెండోది పెట్టుకోవచ్చు. రాత్రి, గదిలో లైటు తీసేసి, 'ప్లెజర్ టు కిల్'. ముందు 'క్వైర్ ఆఫ్ ద డామ్డ్' అనే ఆ దిగులు రాగం నిమిషంన్నర పైగా నడుస్తుంది. తర్వాత ఒక్క క్షణం ఖాళీ. వడగళ్లు మొదలవుతాయి. ఈసారి ఒక్కో గడ్డా ఎక్కడ పడుతోందో మీకు వినిపిస్తుంది.